ఎనిమిది పేజీల్లో పట్టని మనిషి

ఇరవై మూడేళ్లు నేను మాదాపూర్‌లో ఒక గాజు భవనం ఆరో అంతస్తులో కూర్చుని, ఎన్నడూ అడుగుపెట్టని దేశాల చట్టాలు చదివాను. బంధువులు "సాఫ్ట్‌వేరా?" అని అడిగేవారు. మొదట్లో కాదని వివరించేవాణ్ని, తర్వాత మానేశాను. మా పని ఇది. విదేశాల్లోని న్యాయవాద సంస్థలు తమకొచ్చిన చిక్కు ప్రశ్నను మాకు పంపుతాయి. మేము చట్టాలూ తీర్పులూ వెతికి, ఏయే దారులున్నాయో, ఏ దారిలో ఎక్కడ గుంత ఉందో ఒక మెమోలో రాసి పంపుతాం. దాని మీద వాళ్ల పేరు పడుతుంది. మా పేరు ఎక్కడా ఉండదు.

పోయినేడు, యాభై మూడో ఏట, స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాను. ఆ తర్వాత మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు మణికొండలో మా ఇంటికొచ్చారు, సలహా కోసం. మాటల్లో ఒకమ్మాయి అడిగింది: "సార్, ఆ ద్వీపం మెమోలో తప్పు చేసింది యాదగిరి గారట కదా?"

కాదు. తప్పు నాది. ఆఫీసులో ఆ మాట ఇంకా తిరుగుతోందని తెలిశాకే ఇది రాయడం మొదలుపెట్టాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు పనికొచ్చే సంగతులు కూడా ఇందులోనే చెబుతాను.

తోడు

మా దగ్గర ఏ మెమో కొత్తగా పుట్టదు. పాత మెమో ఒకటి తెరిచి, పేరు మార్చి, దాని మీదే కొత్తది రాస్తాం. పాలకు నిన్నటి పెరుగు తోడు వేసినట్టు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ప్రపంచమంతా లాయర్లు చేసేది ఇదే. కానీ తోడు పులిసిపోయి ఉంటే కుండెడు పాలూ పాడవుతాయి. పాత మెమోలో అతి ప్రమాదకరమైనది నిర్వచనాల పేజీ. ఎవరూ దాన్ని చదవరు. "నివాసి అనగా", "కుటుంబం అనగా" అని మొదలయ్యే ఆ చిన్న వాక్యాలు ఏనాడో, ఎవరి అవసరానికో రాసినవి. మీరు తీర్పుల మీద నెల రోజులు కష్టపడతారు. మనిషి లోపలా బయటా అన్నది మాత్రం ఆ పేజీలో ఎప్పుడో తేలిపోయి ఉంటుంది.

ఇది నాకు ఇరవై ఏళ్ల అనుభవం అప్పటికే చెప్పింది. అయినా చేశాను. అందుకే తెలియక చేసిన తప్పు అని అనను.

ద్వీపం

పేరు చెప్పను, చెప్పే హక్కు నాకు లేదు. ఒక పెద్ద దేశానికి సముద్రం అవతల ఒక చిన్న ద్వీపం ఉంది. అక్కడ పుట్టినవాళ్లకు ఆ దేశపు పాస్‌పోర్టే ఇస్తారు, సైన్యంలోకీ తీసుకుంటారు. కానీ పాస్‌పోర్టు చివరి పేజీలో ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది: ఈ వ్యక్తి ఈ దేశానికి చెందినవారే గాని పౌరులు కారు. ఓటు లేదు. కొన్ని ఉద్యోగాలకు అర్హత లేదు. ద్వీపానికి సొంత చట్టసభ ఉంది. ఒక న్యాయవాద సంస్థ ద్వారా ఆ సభ వాళ్లు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒకే వాక్యం: "మా ద్వీప నివాసులకు పౌరసత్వం ఇవ్వడానికి చట్టపరంగా ఉన్న మార్గాలేమిటి?" ఎనిమిది పేజీలు మించకూడదన్నారు, సభ్యులందరూ చదవాలి కాబట్టి.

మార్గాలు నాలుగు తేలాయి. ఒకటి, కోర్టుకు వెళ్లి, రాజ్యాంగం ప్రకారం అక్కడ పుట్టినవారు పుట్టుకతోనే పౌరులని తీర్పు తెచ్చుకోవడం. రెండు, పెద్ద దేశపు పార్లమెంటు ఒక చట్టంతో ఒకే రోజున అందరినీ పౌరులుగా ప్రకటించడం. మూడు, కావాలనుకున్న వ్యక్తి తన ద్వీపం వదిలి వెళ్లకుండానే దరఖాస్తు పెట్టుకుని పౌరసత్వం తీసుకునేలా చట్టం చేయడం. నాలుగు, ముందు ద్వీపంలోనే ప్రజాభిప్రాయం తీసుకుని, ఆ తర్వాత పై మూడింట్లో ఒకటి ఎంచుకోవడం.

నేను రెండోదానివైపే మొగ్గుతూ మొదటి ముసాయిదా రాశాను. శుభ్రంగా ఉంటుంది, ఒక్క దెబ్బతో పని అయిపోతుంది. దాన్ని ఆపినవాడు యాదగిరి.

అసలు మాదాపూర్

యాదగిరి నా టీమ్‌లో ఆరేళ్లుగా ఉన్నాడు. సాయంత్రం కాలేజీలో లా చదివాడు. కొత్తవాళ్లెవరైనా "మీదే ఊరండీ?" అంటే "మాదాపూర్" అనేవాడు. "అది కాదు, అసలు ఊరు?" అంటే "అసలు మాదాపూర్" అనేవాడు, మొహంలో నవ్వు కనబడనీయకుండా. మా భవనం నిలబడ్డది వాళ్ల ఊరి పొలిమేరలోనే.

నా ముసాయిదా చదివి నా టేబుల్ దగ్గరికొచ్చాడు.

"సార్, జమీన్ సంగతి ఏంది?"

ద్వీపంలో భూమి వంశాల చేతుల్లో ఉమ్మడిగా ఉంటుంది. బయటివాళ్లకు అమ్మకూడదని అక్కడి చట్టం.

"పార్లమెంటు చట్టంలో మినహాయింపు పెట్టొచ్చు కదా," అన్నాను.

"పెట్టినోళ్లు తీసెయ్యరా? అందరు ఒక్కటే అయినంక, 'నాకెందుకు అమ్మవ్?' అని ఎవడో ఒకడు కోర్టుకు పోడా?" కిటికీలోంచి కిందికి చూపించాడు. "గా పార్కింగ్ కనబడ్తుందా సార్? గాడ మా కాక ఇల్లుండె. ఎవ్వడు గుంజుకోలే, అందరు ఖుషీగనే అమ్మిన్రు. గానీ ఊరు ఎటువోయిందో ఎవ్వనికి ఎర్కలేదు."

తీర్పులు మళ్లీ తిరగేశాను. అతని అనుమానం నిజమే. సమానత్వం పేరుతో భూచట్టాన్ని సవాలు చేసే ప్రమాదం మొదటి రెండు మార్గాల్లో ఎక్కువ, మూడోదానిలో తక్కువ. ఎందుకంటే అక్కడ మారేది మనిషి హోదా, ద్వీపం హోదా కాదు. మెమో మూడో మార్గం వైపు తిరిగింది. ద్వీపం వాళ్లు చివరికి ఎంచుకున్నదీ అదే. కొత్తవాళ్లకు నా సలహా: తీర్పులు చదివినవాడి మాట వినండి, పోగొట్టుకున్నవాడి మాట ఇంకాస్త ఎక్కువ వినండి. ఆ మాట ఒకసారి విని మెమోను కాపాడుకున్నాను. రెండోసారి వినలేదు.

మూడు లైన్లు

దరఖాస్తు ఎవరు పెట్టుకోవచ్చు? అక్కడే నిర్వచనం వస్తుంది. ఆ భాగం మొదట రాసే పని యాదగిరికి ఇచ్చాను. తోడు వేసిన పాత మెమోలో ఇలా ఉంది: "నివాసి అనగా ఆ భూభాగంలో పుట్టిన వ్యక్తి." ఆ పాత కేసుకు అది సరిపోయింది. యాదగిరి అయిదో పేజీలో మూడు లైన్లు చేర్చాడు: నివాసుల్లో కొందరు ద్వీపం బయట పుట్టి పసితనంలోనే వచ్చినవాళ్లు ఉండవచ్చు, అడిగిన ప్రశ్న వాళ్లనూ కలుపుకుంటుంది, అర్హతను పుట్టుకకే ముడిపెడితే వాళ్లు మిగిలిపోతారు అని.

ఆ మూడు లైన్లతో మెమో తొమ్మిదో పేజీలోకి జారింది.

మా పై అధికారి వసుంధర గారు. రాజమండ్రి మనిషి. నేను చూసిన బాస్‌లలో గొంతు పెంచనివారు ఆవిడొక్కరే. "నాగేశ్వర గారూ, ఎనిమిదన్నారంటే ఎనిమిదేనండి. తొమ్మిదో పేజీ మీద మూడు లైన్లు వేలాడుతుంటే చూడ్డానికి కూడా బాగోదు," అన్నారు. ఏ మూడు లైన్లు తీయాలో ఆవిడ చెప్పలేదు.

నేను యాదగిరిని పిలిచాను. "ఇది ఊహ కదయ్యా. ఇలాంటివాళ్లు అక్కడ ఉన్నారని ఆధారం ఉందా?"

"ఆధారం ఏంది సార్? మన దగ్గర మొదటి కాన్పుకు తల్లిగారింటికి పోతరా, పోరా? పక్క దీవిల తల్లిగారిల్లు ఉంటే గాడికే పోతది గద పిల్ల."

"అది మన ఆచారం. వాళ్లది కాదు."

"కాన్పప్పుడు తల్లి యాదికి రాని ఆడిపిల్ల ఏ దేశంల ఉంటది సార్?"

"అయితే ఈసారి మెమో మీ అమ్మనడిగి రాద్దాంలే," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ మూడు లైన్లు ఎంచుకుని చెరిపేశాను.

ఇప్పుడు నా ఇంటి సంగతి చెప్పాలి. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నా భార్య సుజాత మొదటి కాన్పుకు జమ్మలమడుగులో పుట్టింటికి వెళ్లింది. అయిదో నెలలో పాపను ఎత్తుకుని ఇక్కడికొచ్చింది. పాప బడి, కాలేజీ అన్నీ ఇక్కడే. ఆ మెమో రాసిన ఏడాదే, వేసవిలో, కాలేజీ ప్రవేశాల దగ్గర బల్ల వెనక కూర్చున్నాయన జనన ధ్రువపత్రం చూసి, "పాప పుట్టింది కడప జిల్లాల. నాన్‌లోకల్ గద మీరు," అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. "ఎక్కడ పుట్టిందో కాదండీ, ఎక్కడ చదివిందో చూడమంటోంది రూలు. మొదటి కాన్పు పుట్టింట్లో జరిగితే పిల్ల పరాయిదైపోతుందా?" అన్నాను. లైన్లో ఉన్న తల్లిదండ్రులు అవునవునన్నారు. స్టడీ సర్టిఫికెట్లు చూసి ఆయన ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చే దారంతా సుజాత నన్ను మెచ్చుకుంది: "భలే అడిగినావప్పా. నోరు మూయించేసినావు."

అది జరిగిన రెండు నెలలకు అదే మాట యాదగిరి నోట వస్తే ఆధారం అడిగాను. నా కూతురి విషయంలో హక్కు అనిపించింది, ఎవరి కూతురి విషయంలోనో ఊహ అనిపించింది.

మెలే

ద్వీపపు సభ తరఫున మాతో మాట్లాడేది మెలే అనే ఆవిడ. సభ కార్యాలయంలో క్లర్కు. మాకు మంగళవారం ఉదయం ఎనిమిదైతే వాళ్లకు ఇంకా సోమవారం మధ్యాహ్నమే. అందుకని ప్రతి వీడియో కాల్ మొదట్లో ఒకే మాట అడిగేది: "మీకు రేపు వచ్చేసిందా?" "వచ్చింది, బాగానే ఉంది, మీరూ రావచ్చు," అనేవాణ్ని. నవ్వేది. తర్వాత పని.

మా మెమో ఆధారంగా ఆ న్యాయవాద సంస్థ బిల్లు ముసాయిదా రాసింది. ముందు ద్వీపపు సభ దాన్ని ఆమోదించాలి, ఆ తర్వాత పెద్ద దేశపు పార్లమెంటుకు పంపాలి. ముసాయిదా చేరిన మంగళవారం మెలే రేపు గురించి అడగలేదు.

"రెండో క్లాజులో ఉన్న నిర్వచనం ఎక్కడి నుంచి వచ్చింది?" అంది.

నా పక్కన యాదగిరి కూర్చుని ఉన్నాడు, కెమెరాలో కనిపిస్తూనే. నేనన్నాను: "ఆ భాగం మొదటి డ్రాఫ్టు యాదగిరి చేశాడు. సరిచూసి చెబుతాను."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ భాగం మొదట రాసింది అతనే. మా వృత్తిలో పెద్ద అబద్ధాలన్నీ ఇలా నిజాలతోనే కడతారు.

మెలే నెమ్మదిగా చెప్పింది. వాళ్లమ్మది పక్క దీవి, అది వేరే దేశం. మొదటి కాన్పుకు తన తల్లి దగ్గరికి వెళ్లింది. మెలే మూడు వారాల పిల్లగా పడవలో ఈ ద్వీపానికి వచ్చింది. తల్లిదండ్రులిద్దరూ ద్వీపం వాళ్లయితేనే బయట పుట్టిన బిడ్డకు ఆ పాస్‌పోర్టు దక్కుతుందని అప్పటి చట్టం. అందుకని నలభై ఒక్కేళ్లుగా ఆమె నివాస కార్డు మీదే బతుకుతోంది. ఆమెలాంటివాళ్లు ఊరికి నలుగురైదుగురు ఉన్నారట.

"ప్రశ్నలో 'నివాసులు' అన్న మాట పెట్టించింది నేనే. మా సభలో బిల్లును క్లాజు క్లాజుగా గట్టిగా చదవాల్సింది క్లర్కే. వచ్చే వారం ఇది నేనే చదవాలి," అంది.

కాల్ అయ్యాక యాదగిరి నావైపు తిరిగాడు.

"నేను రాసింది మీరే కొట్టేసిన్రు గద సార్."

"తెలుసు. తర్వాత చూద్దాం."

"తర్వాతంటే ఎప్పుడు సార్?"

నేను లాప్‌టాప్ మూసేశాను. ఆ వారమే ఆ సంస్థ నుంచి వసుంధర గారికి ఉత్తరం వచ్చింది, ముసాయిదా చేసిన వ్యక్తిని తమ పని నుంచి మార్చమని. యాదగిరిని నాలుగో అంతస్తుకు పంపారు, పాత కాంట్రాక్టులు పేజీ పేజీగా వేరుచేసే పనికి. నేను ఆ బదిలీ మెయిల్ చూసి "సరే" అని జవాబిచ్చాను. మరుసటి సోమవారం, మాకు మంగళవారం, మెలే తనను బయట నిలబెట్టిన వాక్యాన్ని సభలో తన గొంతుతోనే చదివింది.

కారణం లేదు

తప్పు తెలిసింది కదా, దిద్దేస్తే పోయేది కదా అని మీరనుకోవచ్చు. అలా జరగదు. బయటినుంచి వచ్చినవాళ్లను కలుపుకోవడం ఇష్టంలేని సభ్యులు కొందరు మా మెమోను చేత్తో పట్టుకుని, "లాయర్లే చెప్పారు, చట్టం ప్రకారం నివాసి అంటే ఇక్కడ పుట్టినవాడే," అనసాగారు. మెలే మాట్లాడితే సొంత ప్రయోజనం అన్నారు. పేజీలు సరిపెట్టడానికి నేను చేసిన పని అక్కడ చట్టం చెప్పిన మాటయి కూర్చుంది. బిల్లు కమిటీకి వెళ్లింది.

ఏడు నెలలు గడిచాయి. లిఫ్టులో యాదగిరి ఎదురైతే "బాగున్నావా?" అనేవాణ్ని, "ఉన్న సార్" అనేవాడు. నాలుగో అంతస్తు వచ్చేదాకా ఇద్దరం అంకెలు చూసేవాళ్లం.

ఒక ఉదయం మెలే నుంచి మెయిల్ వచ్చింది. కోపం లేదు, ఆఫీసు భాష. "వచ్చే నెలతో కమిటీ పని ముగుస్తుంది. రెండో క్లాజు నిర్వచనానికి చట్టపరమైన కారణం ఒక పేరాలో రాసి పంపగలరా? రికార్డులో పెట్టాలి."

కారణం రాయడానికి కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా దేనికైనా కారణం రాయగలిగినవాణ్ని. తీర్పు వెతికాను, లేదు. చట్టం వెతికాను, లేదు. చివరికి మెమో పాత రూపాలు భద్రపరిచే చోటు తెరిచాను. అయిదో పేజీ, యాదగిరి మూడు లైన్లు, వాటి మీద ఎర్ర గీత, పక్కన నా పేరు. నా కారణం అదొక్కటే.

అప్పుడు రాశాను: "ఈ నిర్వచనానికి చట్టపరమైన కారణం ఏదీ లేదు. పసితనంలో వచ్చి స్థిరపడినవారిని కలుపుకోవాలని మా సహోద్యోగి యాదగిరి సకాలంలో రాశారు. పేజీల పరిమితి కోసం ఆ వాక్యాలను తొలగించింది నేను. పాత మెమో నుంచి వచ్చిన నిర్వచనాన్ని అలాగే ఉంచిందీ నేను. వారిని చేర్చడానికి చట్టం అడ్డు కాదు." చెరిపిన పేజీ కాపీ జతచేసి సంతకం పెట్టాను. మా మెమోల్లో సంతకం ఉండదు. నా ఉద్యోగ జీవితంలో క్లయింటుకు వెళ్లిన నా సంతకం అదొక్కటే.

వసుంధర గారికి చూపించాను. రెండుసార్లు చదివారు.

"ఇది పంపితే వాళ్లు మళ్లీ మన మొహం చూడరండి."

"చూడకపోవచ్చు మేడమ్."

"ఎనిమిది పేజీలేనని పట్టుబట్టింది నేను కదండీ. నా పేరు కూడా రాయండి మరి."

"ఏ మూడు లైన్లో మీరు చెప్పలేదు. అది నేను ఎంచుకున్నది."

ఆవిడ కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "పంపించేయండి," అన్నారు. బాస్‌ల గురించి మీరు ఆఫీసుల్లో వినే కథల్లో ఇలాంటివి తక్కువ, అందుకే రాస్తున్నాను.

కాపీ తీసుకుని నాలుగో అంతస్తుకు వెళ్లాను. యాదగిరి చదివాడు, మడిచాడు.

"ఏడు నెలలు పట్టింది సార్ మీకు."

"పట్టింది."

"ఆమె గా మాట సభల చదివి గూడ ఏడు నెలలాయె."

"తప్పయింది యాదగిరీ. మళ్లీ టీమ్‌లోకి రా."

"జర సోంచాయించి చెప్త," అన్నాడు. ఆలోచించుకోవడానికి రెండు వారాలు పట్టింది అతనికి. ఆ రెండు వారాలు నాకు న్యాయమే అనిపించింది. ఇప్పుడు ఆ టీమ్‌ను నడిపేది అతనే. కొత్తగా చేరినవాళ్లతో అతను చేయించే పని ఒకటుంది: నిర్వచనాల పేజీ ప్రింటు తీసి, ప్రతి నిర్వచనం పక్కన పెన్సిల్‌తో, దాని బయట నిలబడే మనిషి పేరు ఒకటి రాయాలి. తెలిసిన మనిషి లేకపోతే ఊహించైనా రాయాలి. రాయలేకపోతే ఇంకా అర్థం కాలేదన్నమాట. నా ఇరవై మూడేళ్లలో నేను నేర్పిన దేనికన్నా ఇది మంచి పద్ధతి.

ఒప్పుకుంటే తప్పు చిన్నదవుతుందని మాత్రం అనుకోకండి. తప్పు అంతే ఉంటుంది, మోసే మనిషి మారతాడు. ఏడు నెలలు నా బరువు యాదగిరి మోశాడు.

చదివిన రోజు

కమిటీ నా ఉత్తరాన్ని రికార్డులో పెట్టింది. రెండో క్లాజు మారింది: ద్వీపంలో పుట్టినవారు, అలాగే అయిదేళ్ల లోపు వయసులో వచ్చి అప్పటినుంచి అక్కడే ఉంటున్నవారు. ద్వీపపు సభ ఆమోదించింది. పెద్ద దేశపు పార్లమెంటులో అది ఇంకా కదలాలి. కదులుతుందో లేదో నేను చెప్పలేను. కానీ అది చట్టమైన రోజున మెలే దానికి బయట ఉండదు, ఇది ఖాయంగా చెప్పగలను.

సవరించిన బిల్లు సభలో చదివే రోజు మెలే మాకు లింకు పంపింది. అది నా ఉద్యోగంలో ఆఖరి నెల. మంగళవారం ఉదయం ఎనిమిదికి యాదగిరీ నేనూ ఒకే తెర ముందు కూర్చున్నాం. మెలే లేచి నిలబడి మొదటి క్లాజు చదివింది. రెండో క్లాజు చదివింది. గొంతు మారలేదు, ఆగలేదు, తల ఎత్తలేదు. మూడోదానికి వెళ్లిపోయింది. అది ఆమె ఉద్యోగం, ఉద్యోగం చేసినట్టే చేసింది.

సభ ముగిశాక కాల్ చేసింది. మొహం నిండా చెమట.

"మీకు రేపు వచ్చేసిందా?" అంది.

నేను లాప్‌టాప్ యాదగిరి వైపు తిప్పాను. "వచ్చింది మేడమ్," అన్నాడు అతను. ఆమె ఇంకేదో చెబుతుండగానే నావైపు వంగి, చెవిలో అడిగాడు:

"బిల్లు మొత్తం ఎన్ని పేజీలాయె సార్?"

"పదకొండు."

"మరి ఏమన్న ఆగిందా?"